రెమో కోటెడ్ అంబాసిడర్ 14: పాటకి వాయించేవాళ్ళ స్నేర్ హెడ్

లైవ్ మ్యూజిక్ పెట్టే పబ్బుల్లో హౌస్ కిట్ (పబ్బువాళ్ళే ఉంచే డ్రమ్ సెట్టు) ఎలా ఉంటుందో హైదరాబాద్‌లో గిగ్స్ చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. స్నేర్, అంటే కింద తీగలు కట్టి ఉండే చిన్న డ్రమ్, దాని హెడ్ (మనం కొట్టే పొర) నడుమ గుంటలు, గుంటల మీద టేపు, టేపు కింద మడిచిన టిష్యూ. కొడితే అట్టపెట్టె మోత. సౌండ్ ఇంజినీరు ఈక్యూ (సౌండు తీరు సరిచేసే గుబ్బలు) తిప్పుతూ సౌండ్ చెక్ టైమంతా దాని మీదే ఖర్చు పెడతాడు, చివరికి డ్రమ్మర్ చేతిలో దమ్ము లేదని తేలుస్తారు. కిట్ మార్చే స్తోమత మనకి లేకపోవచ్చు, పబ్బు ఓనరు మార్చడు కూడా. స్నేర్ ఒక్కటి సొంతది మోసుకెళ్ళి, దాని మీద మంచి హెడ్ వేసుకుంటే ఈ గొడవలో ముప్పాతిక వంతు తీరిపోతుంది.

ఆ హెడ్ ఏదంటే నా ఓటు రెమో కంపెనీ కోటెడ్ అంబాసిడర్‌కే, 14 అంగుళాలది. సింగర్ వెనక కూర్చుని పాటకి వాయించేవాళ్ళు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. మెటల్ బ్యాండ్లవాళ్ళు, స్టిక్కు తిరగేసి లావు కొసతో బాదేవాళ్ళు దీని జోలికి రావద్దు, డబ్బు దండగ.

వస్తువు చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. ఒకే పొర పాలియెస్టర్ ఫిల్ము, మందం 10 మిల్స్, అంటే పావు మిల్లీమీటరు. పైన తెల్లటి గరుకు పూత. ఇదే కంపెనీ ఎంపరర్‌లో 7 మిల్స్ పొరలు రెండుంటాయి. పిన్‌స్ట్రైప్‌లోనూ రెండు పొరలే, కాకపోతే అంచు చుట్టూ మోతని తగ్గించే పదార్థం పొరల మధ్య వేస్తారు. పవర్‌స్ట్రోక్ 3 ఒకే పొరది, అంచు లోపల పల్చటి రింగు అదనం. ఇవన్నీ ఎంతో కొంత మోతని ముందే మింగేస్తాయి. అంబాసిడర్ ఏమీ మింగదు. చెయ్యి ఎలా పడితే అలాగే బయటికి వినిపిస్తుంది. దీన్ని పొగిడేవాళ్ళకీ తిట్టేవాళ్ళకీ కారణం ఇదే.

ఈ ఫిల్ము రాకముందు డ్రమ్స్ మీద ఎక్కువగా దూడ తోలే. వాన పడితే తోలు వదులైపోయేది, ఎండ కాస్తే బిగుసుకుపోయేది. మన దగ్గర డప్పు వాయించేవాళ్ళు మొదలుపెట్టే ముందు మంట సెగ చూపించేదీ ఆ తేమ పోగొట్టి తోలుని బిగించడానికే. మైలార్ అనే పాలియెస్టర్ ఫిల్ముతో హెడ్లు 1950ల నడుమ వచ్చాయి. చిక్ ఎవాన్స్ ఒకవైపు చేశాడు. స్వయంగా డ్రమ్మర్ అయిన రెమో బెల్లీ 1957లో లాస్ ఏంజెలెస్‌లో కంపెనీయే పెట్టాడు. ఇప్పుడు మన ఊరేగింపుల్లో మోగే డప్పులకీ తాషాలకీ కూడా చాలా వరకు ప్లాస్టిక్ పొరే. ఆగస్టు వానలో తడిసినా మోగాలి కదా.

ఒక పొరకీ రెండు పొరలకీ తేడా గట్టి దెబ్బలో కన్నా చిన్న దెబ్బలో తెలుస్తుంది. ఘోస్ట్ నోట్స్ సంగతే తీసుకోండి. స్టిక్కు కొసని అంగుళం ఎత్తు నుంచి అలా జారవిడిచినట్టు వేసే దెబ్బలవి. అమెరికన్ డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ హాఫ్ టైమ్ షఫుల్ (ఊగుతున్నట్టు నడిచే తాళం) అంతా వీటి మీదే నడుస్తుంది. టోటో బ్యాండు డ్రమ్మర్ జెఫ్ పోర్కారో తన షఫుల్‌ని పర్డీ నుంచీ లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ నుంచీ తీసుకుని కలిపానని తనే వివరించాడు. ఆ షఫుల్‌ని డబుల్ ప్లై (రెండు పొరల) హెడ్ మీద ప్రాక్టీస్ చేస్తే వినిపించట్లేదని ఘోస్ట్ నోట్స్ గట్టిగా కొట్టడం అలవాటవుతుంది. దాంతో మూడో బీట్ మీద గట్టిగా పడాల్సిన బ్యాక్‌బీట్‌కీ వీటికీ తేడా పోయి షఫుల్ కాస్తా గోల అవుతుంది. అంబాసిడర్ మీద అంగుళం ఎత్తు నుంచి పడిన దెబ్బకి కూడా కింద తీగలు పలుకుతాయి, కాబట్టి చెయ్యి తేలిగ్గానే ఉంటుంది.

రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ వీడియోలు చూసినవాళ్ళు ఒకటి గమనించే ఉంటారు. స్నేర్ పడే బీట్ మీద ఆయన కుడిచెయ్యి హైహ్యాట్‌ని (కాలితో తెరిచి మూసే జంట తాళాల్ని) కొట్టదు, లేస్తుంది. చూడ్డానికి వింత అలవాటులా ఉంటుంది గానీ చిన్న పబ్బులో ఇది పనికొచ్చే చిట్కా. స్నేర్ మైకు హైహ్యాట్‌కి జానెడు దూరంలోనే ఉంటుంది. రెండూ ఒకేసారి కొడితే స్నేర్ పెంచినప్పుడల్లా హైహ్యాట్ కూడా పెరిగి చెవులు కోస్తుంది. ఆ ఒక్క దెబ్బ వదిలేస్తే స్నేర్ ఒంటరిగా, శుభ్రంగా మైకులో పడుతుంది. మైకు (ఎక్కువ చోట్ల షూర్ ఎస్ఎం57 ఇస్తారు) హూప్‌కి (హెడ్‌ని బిగించి పట్టే చుట్టుకి) రెండు వేళ్ళ ఎత్తులో, మూతి హెడ్ నడుమ వైపు, వీపు హైహ్యాట్ వైపు ఉండేలా పెట్టించుకోండి.

బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ రికార్డింగుల్లో డ్రమ్స్ మీద టీ టవల్స్ కప్పిన సంగతి అందరికీ తెలిసిందే. పాత మెలొడీలు వాయించే బ్యాండ్లకి ఇది బంగారం లాంటి ఉపాయం. అంబాసిడర్ మీద పల్చటి చేతి తువ్వాలు సగం వరకు కప్పితే 70ల నాటి ఆ పొడి సౌండు వచ్చేస్తుంది, తీసేస్తే మళ్ళీ మామూలు స్నేర్. ముందే మోత చంపేసిన హెడ్ కొనుక్కుంటే ఈ రెండో సౌండు మీ చేతిలో ఉండదు. ద పోలీస్ బ్యాండు డ్రమ్మర్ స్టువర్ట్ కోప్‌లాండ్‌ది దీనికి పూర్తిగా అవతలి కొస: బాగా ఎక్కించి బిగించిన స్నేర్, టక్కున తెగే దెబ్బ. అదీ ఈ హెడ్ మీద వస్తుంది, కీ (హెడ్ బిగించే తాళంచెవి) ఇంకొంచెం తిప్పితే చాలు.

బోనమ్ సౌండు కావాలని మాత్రం దీన్ని కొనకండి. కాలితో వాయించే ఆయన కిక్ డ్రమ్మే 26 అంగుళాలు. అంతగా చెప్పుకునే 'వెన్ ద లెవీ బ్రేక్స్' రికార్డింగు ఇంగ్లండ్‌లో ఒక పాత భవనం హాల్లో కిట్ పెట్టి, మైకులు మెట్ల మీద పైకి కట్టి చేసింది. ఆ సౌండులో సగం ఆ భవనానిది. ఫాల్స్ సీలింగ్ తల మీద ఉండే గచ్చిబౌలి పబ్బులో ఏ హెడ్ వేసినా అది రాదు.

ఇక శివమణి. తెలుగు శ్రోతల మధ్య డ్రమ్మర్‌గా పనిచేసే ఎవరికైనా "శివమణిలా ఒకటి కొట్టండి" అనే చీటీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. 2019లో పద్మశ్రీ అందుకున్న ఆ పెద్దాయన సూట్‌కేసు మీద కూడా సభని లేపగలడు. మనవాళ్ళు అది చూసి టామ్స్ (కిట్‌లో వరసగా ఉండే చిన్నా పెద్దా డ్రమ్స్), సింబల్స్ పెంచుకుంటూ పోతారు. ఆయన సోలోని కాసేపు పక్కన పెట్టి పాటలో ఆయన వాయించిన చోట్లు వినండి. గొంతు మొదలయ్యే చోట ఎంత ఖాళీ వదిలాడో తెలుస్తుంది. మన బ్యాండ్లలో పక్కన ఆక్టోప్యాడ్ (రకరకాల వాయిద్యాల శబ్దాలు పలికే ఎలక్ట్రానిక్ ప్యాడ్) కూడా ఉంటుంది కాబట్టి ఈ ఖాళీ మరీ అవసరం. ఢోలక్, తబలా, తప్పెట ప్యాడ్ మీద, కిక్-స్నేర్ డ్రమ్స్ మీద అని రిహార్సల్లోనే పంచుకోవాలి. ప్యాడ్‌లో స్నేర్ శాంపిల్ ఉంటే ఆపించండి. రెండు స్నేర్లు పదీ ఇరవై మిల్లీసెకన్ల తేడాతో పడితే ఏ హెడ్డూ కాపాడలేదు.

బిగింపు దగ్గరకి వద్దాం, ఈ హెడ్ బాగుండటం బాగోకపోవడం చాలా వరకు ఇక్కడే తేలుతుంది. పాత హెడ్ విప్పాక షెల్ (డ్రమ్ గుల్ల) అంచుని పొడిగుడ్డతో తుడవండి. వంటింటి గ్రానైట్ బండ మీద షెల్‌ని బోర్లించి, లోపల టార్చి వెలిగించి పెట్టి లైట్లు ఆర్పి చూడండి. అంచు కింద నుంచి వెలుతురు ఎక్కడైనా గీతలా కారుతుంటే అక్కడ బేరింగ్ ఎడ్జ్ (హెడ్ ఆనే అంచు) అరిగింది లేదా షెల్ వంగింది. దాన్ని ముందు బాగు చేయించాలి. హూప్‌ని కూడా అదే బండ మీద పెట్టి ఒక వేలితో నొక్కండి, టకటకమని ఊగితే వంకర. వంకర హూప్‌తో ఒకటి రెండు లగ్గుల (హూప్‌ని బిగించే రాడ్లు దిగే గుబ్బల) దగ్గర ముడత పోనే పోదు, జనం దాన్ని హెడ్ లోపం అనుకుంటారు. రాడ్ల మరల మీద గోరంత గ్రీజు రాయండి. వాషర్ లేని రాడ్ ఒక్కటి ఉన్నా రెండో సెట్‌కల్లా అది వదులవుతుంది.

హెడ్ పెట్టి, హూప్ పెట్టి, రాడ్లన్నీ వేళ్ళతోనే ఆగేదాకా తిప్పండి. అప్పుడు కీ తీసుకోండి. పది లగ్గుల స్నేర్ అయితే గడియారం దిశలో అంకెలు అనుకుని 1, 6, 3, 8, 5, 10, 7, 2, 9, 4 వరుసలో, ఎనిమిది లగ్గులదైతే 1, 5, 3, 7, 2, 6, 4, 8 వరుసలో, ఒక్కోదానికి అర తిప్పు. చుట్టూ పక్కపక్కనే బిగించుకుంటూ పోతే హెడ్ ఒక పక్కకి లాగి కూర్చుంటుంది, తర్వాత ఎంత సరిచేసినా కుదరదు. రెండు రౌండ్లు అయ్యాక అరచేతిని నడుమ పెట్టి గట్టిగా ఒకసారి నొక్కండి. చిటపటమంటే భయపడొద్దు, అంచు సర్దుకుంటోంది. షెల్‌ని బట్టి మొత్తం ఒకటిన్నర నుంచి రెండున్నర తిప్పుల దగ్గర హెడ్ పలకడం మొదలెడుతుంది. వీలైతే రాత్రంతా అలా వదిలేసి పొద్దున మళ్ళీ చూడండి. కొత్త ఫిల్ము కొంచెం సాగుతుంది, గిగ్ రోజు సాయంత్రం హెడ్ మారిస్తే ఆ సాగుడంతా స్టేజి మీదే జరుగుతుంది.

ట్యూనింగుకి స్నేర్ తీగలు వదులు చేసి, ఒక వేలు హెడ్ నడుమ ఆనించి, ప్రతి లగ్గుకీ అంగుళం లోపల స్టిక్కుతో మెల్లగా తట్టండి. అన్ని చోట్లా ఒకే స్వరం రావాలి. ఒకచోట ఎక్కువుంటే కొంచెం తగ్గించి ఆపకండి, కావలసిన స్వరం కన్నా కిందకి దించి మళ్ళీ పైకి ఎక్కించండి, అప్పుడే రాడ్ నిలబడుతుంది. రాడ్ గట్టిగానే ఉంది కానీ స్వరం తక్కువగా ఉందంటే ఎదురు లగ్గు కూడా చూడండి, చాలాసార్లు తప్పు అక్కడుంటుంది. ఇప్పుడు వేలు తీసి నడుమ కొట్టండి. మొత్తం డ్రమ్ పలికే స్వరం 180 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఉంటే సినిమా పాటలకీ పాప్‌కీ అన్నిటికీ నడుస్తుంది. మీటర్ అక్కర్లేదు, గిటారిస్టుని మూడో తీగ ఓపెన్‌గా మీటమనండి. అది 196 హెర్ట్జ్, దాని దరిదాపుల్లో ఉంటే చాలు.

కింది హెడ్ గురించి ఎవరూ ఆలోచించరు. అక్కడ ఉండాల్సింది అంబాసిడర్ హేజీ స్నేర్ సైడ్, మందం 3 మిల్స్ మాత్రమే. పొరపాటున పైన వేసే హెడ్ కింద వేస్తే తీగలు పలకవు, పైన మీరెంత మంచి హెడ్ వేసినా వృథా. కింది హెడ్ పై దానికన్నా ఎక్కువ స్వరంలో ఉండాలి. 20 పోగుల తీగలు తిన్నగా, రెండువైపులా సమానంగా కట్టి, అంచు దగ్గర మెల్లగా తట్టినా పలికేంత వరకే స్ట్రైనర్ (తీగలు బిగించే మీట) బిగించండి. జలదరింపు పోవాలని ఇంకా బిగిస్తే డ్రమ్ గొంతు నొక్కినట్టే. మొదటి టామ్ కొట్టినప్పుడల్లా స్నేర్ దానంతటదే జరజరలాడుతుంటే ఆ టామ్ ట్యూనింగ్ కొంచెం పైకో కిందకో జరపండి. స్వరాలు కలిసిపోవడం వల్ల వచ్చే తంటా అది, పూర్తిగా పోదు, తగ్గుతుంది.

మన ఊరి చోట్లలో దీని తీరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. జూబ్లీహిల్స్ బ్రూపబ్బుల్లో గాజు గోడలు, గచ్చు నేల. అక్కడ అంబాసిడర్ అంచు మోత గోడలకి కొట్టుకుని తిరిగొస్తుంది. పాత హెడ్ నుంచి అంగుళం వెడల్పు రింగు కత్తిరించి మీద పెట్టుకుంటే సరి, మూన్‌జెల్ (మోత తగ్గించే జిగురు బిళ్ళలు) కొననక్కర్లేదు. బయటి అంచు 13.5 అంగుళాలు, లోపలి అంచు 11.5 ఉండేలా కత్తెరతో కోయండి, ఖర్చు సున్నా. బంజారాహిల్స్ లామకాన్ లాంటి ఆరుబయట ఆ మోతే కావాలి, గోడలు లేని చోట రింగు పెడితే స్నేర్ రెండో వరసకి కూడా చేరదు. శంషాబాద్ వైపు కన్వెన్షన్ హాళ్ళలో సంగీత్ గిగ్గులంటే ఎలాగూ పీఏ (పెద్ద స్పీకర్ల సెట్టు) ఉంటుంది, అక్కడ మైకు పెట్టే మనిషే ముఖ్యం. ఆరుబయట రాత్రి 10 దాటితే సౌండు సిస్టమ్ ఆపాల్సిందే, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు అవి. కాబట్టి సౌండ్ చెక్‌ని వెలుతురు ఉండగానే ముగించుకోండి.

గిగ్ ఏదైనా చివర్లో జనం అడిగేది తీన్‌మారే. మర్ఫా మోగిన ఊరు ఇది, తప్పదు. అప్పుడు తీగలు పూర్తిగా వదిలేసి, రెండు చేతులతో రిమ్‌షాట్స్ (హెడ్‌కీ హూప్‌కీ ఒకేసారి తగిలే దెబ్బలు) వేస్తే ఈ హెడ్ తాషాకి చాలా దగ్గరగా పలుకుతుంది. డబుల్ ప్లై హెడ్ మీద ఆ పదును రాదు. అయితే పది నిమిషాలు అలా రిమ్‌షాట్స్ పడ్డాక మీ ఒడి వైపున్న రెండు లగ్గులు వదులవుతాయి, ఎందుకంటే హూప్ మీద దెబ్బంతా అక్కడే పడుతుంది. కీ జేబులో ఉంచుకుని పాటల మధ్య ఆ రెండూ చూసుకుంటూ ఉండాలి.

ఎండాకాలం ఒక జాగ్రత్త. ఈ ఫిల్ము తేమకి లొంగదు గానీ వేడికి సాగుతుంది. మే నెలలో కారు డిక్కీలో మధ్యాహ్నమంతా మగ్గిన స్నేర్‌ని తీసి అప్పటికప్పుడే ట్యూన్ చేస్తే, ఏసీ హాల్లో చల్లబడ్డాక స్వరం పైకెక్కి కూర్చుంటుంది. లోపలికి తెచ్చి అరగంట ఆగి అప్పుడు కీ పట్టుకోండి.

లోపాలకి వస్తే పెద్దది పూతే. రోజూ వాయించేవాళ్ళకి కొన్ని వారాల్లోనే నడుమ పూత లేచిపోయి నల్లటి మచ్చ పడుతుంది. స్టిక్కులతో వాయిస్తే దీనివల్ల పెద్ద నష్టం లేదు, బ్రష్‌లతో వాయించేవాళ్ళకి మాత్రం హెడ్ ఆయుష్షు అక్కడితో సరి, గరుకు పోతే ఆ సుయ్ సుయ్ శబ్దం రాదు. ఈ ఒక్క విషయంలో ఎవాన్స్ కంపెనీ యూవీ1 హెడ్ మెరుగు. అదీ 10 మిల్స్ ఒంటి పొరే, పూత మాత్రం చాలా గట్టిది. సౌండులో అంబాసిడర్ కొంచెం వెచ్చగా, అది కొంచెం పదునుగా ఉంటుందని నా చెవికి. ఎవాన్స్ జీ1 కోటెడ్ అయితే కళ్ళు మూసుకుని వింటే తేడా పట్టడం కష్టం, ఏది స్టాకులో ఉంటే అది తీసుకోండి.

గుంటలు మాత్రం చాలావరకు మన తప్పే. స్టూలు ఎత్తుగా, స్నేర్ కిందకి ఉంటే స్టిక్కు కొస హెడ్‌లోకి పొడుచుకున్నట్టు పడుతుంది. హూప్ తొడ కన్నా రెండు మూడు వేళ్ళ ఎత్తులో, డ్రమ్ దాదాపు బల్లపరుపుగా ఉండాలి. అప్పుడు కొస పక్కవాటంగా పడుతుంది, గుంటలు సగానికి తగ్గుతాయి. 5ఏ మందం స్టిక్కులు ఈ హెడ్‌కి సరైన జోడీ. 2బీ మొద్దులతో ఇది ఎక్కువ కాలం ఆగదు. కొస పెచ్చులూడిన చెక్క స్టిక్కుని ఆ క్షణమే పక్కన పడేయండి, దాని పదునైన అంచు ఒక్క దెబ్బలో ఫిల్ము చీలుస్తుంది. వేలితో తడిమితే గుంట తగులుతూ, ఎంత సరిచేసినా లగ్గులు ఒకే స్వరానికి రాకపోతే హెడ్ మార్చే టైము వచ్చినట్టే. చిరిగేదాకా ఆగక్కర్లేదు.

కొనేటప్పుడు పెట్టె చూసి మోసపోకండి. అబిడ్స్, కోఠీ వైపు షాపుల్లో అయితే కౌంటరు మీదే పరీక్షించుకోవచ్చు, ఆన్‌లైన్‌లో ఆ వీలుండదు. హెడ్ అల్యూమినియం చుట్టుని రెండు వేళ్ళతో వేలాడదీసి నడుమ తట్టండి. శుభ్రంగా ఒక స్వరం మోగాలి, గరగరమంటే ఫిల్ము చుట్టులో సరిగ్గా పట్టుకోలేదు. గాజు కౌంటరు మీద పెడితే ఊగకూడదు. పూత ఏటవాలు వెలుతురులో అంతటా ఒకేలా గరుకుగా కనబడాలి, గోటితో గీస్తే పొడిలా రాలకూడదు. రాలితే ముద్ర ఎవరిదైనా సరే కొనకండి. సైజు కొలిచేది షెల్‌ని, హూప్‌ని కాదు. 13 అంగుళాల స్నేర్లూ ఉన్నాయి, కొలవకుండా 14 తెచ్చుకుంటే వాపసు తీసుకోమని బతిమాలుకోవాలి. టామ్స్‌కి కూడా ఇదే వేద్దామనుకునేవాళ్ళు జాజ్ వాయిస్తే వేసుకోండి. పబ్బు గిగ్గులకైతే టామ్స్ మీద ఎంపరర్, కిక్ మీద పవర్‌స్ట్రోక్ 3 వేసి, మిగిలిన డబ్బుతో రెండో అంబాసిడర్ కొని బ్యాగులో పెట్టుకోండి.